ఊరికి దొర కావాలా?

పోయిన సెమిస్టర్ మన క్లబ్ పెట్టిన డిబేట్‌కి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. "మనుషులకు పాలకుడు లేకుండా కుదరదు" అన్నది టాపిక్. నేను "అవును, కుదరదు" వైపు మాట్లాడాను. మూడు పాయింట్లు చెప్పాను. ఒకటి, సముద్రంలో లాబ్‌స్టర్లకు కూడా పైవాడు కిందివాడు ఉంటారు (యూట్యూబ్ దయ). రెండు, తోడేళ్ల గుంపుకు నాయకుడుంటాడు. మూడు, రూట్ నోడ్ లేకుండా ట్రీ లేదు. మూడోదానికి మన సీఎస్ బ్యాచ్ మొత్తం చప్పట్లు. ఫస్ట్ ప్రైజ్ నాకే వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ హాస్టల్ రూమ్ గోడ మీద ఉంది.

రెండు వారాల తర్వాత జనగామలో మా చుట్టాల పెళ్లి. మా బాపమ్మకు 76 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరం పట్టుకోవాలి. భోజనాల దగ్గర కూర్చుని ఉంది. ఇంతలో ఒక పెద్దాయన ఫంక్షన్ హాల్లోకి వచ్చాడు. మా ఊరి పాత గడి వాళ్ల మనిషట. ఇప్పుడు ఆయనకు ఊళ్లో భూమీ లేదు, పదవీ లేదు. హైదరాబాద్‌లో ఏదో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మా వైపు చూడను కూడా లేదు పాపం. కానీ బాపమ్మ లేచి నిలబడింది. ఎవరూ పట్టుకోకుండానే.

"ఎందుకు లేచినవ్ బాపమ్మా?" అని అడిగాను.

"నేనేడ లేచిన బిడ్డా. మోకాళ్లు లేచినయి" అంది.

స్టేజి మీద నేను "నేచురల్" అన్న మాట కనీసం ఆరుసార్లు వాడి ఉంటాను. ఆ పెళ్లిలో అన్నం తింటుంటే ఆ మాటే గొంతులో అడ్డం పడ్డట్టయింది. నేచురల్ అంటే ఇదేనా? లేక ఎవరో నేర్పితే మోకాళ్లు నేర్చుకున్నదా? సెలవుల్లో ఇంటికి పోయి చదివాను, అడిగాను. ఇక్కడ రాస్తున్నది అదే. నా తెలుగు స్లో. ఇంగ్లిష్ మీడియంలో చదివినందుకు క్షమించండి.

ముందు పాలకుర్తి మండలం గురించి చెప్పాలి. మా ఊరు ఆ పక్కనే. పంతొమ్మిదేళ్లు ఆ రోడ్డు మీద బస్సులో తిరిగాను గానీ ఏమీ పట్టించుకోలేదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు అక్కడివాడు. ఆయన రాసిన 'బసవ పురాణం'లో బట్టలుతికే మడివాలు మాచయ్య పెద్ద భక్తుడు. పోతన పుట్టిన బమ్మెర కూడా ఆ మండలమే. భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్నాడని పోతన గురించి చెప్పుకుంటారు. కథే అయి ఉండొచ్చు. కానీ ఐదు వందల ఏళ్లకు పైగా ఆ కథనే చెప్పుకున్నారంటే, అది చెప్పుకోవడం జనానికి ఇష్టమన్నమాట. ఇక చాకలి ఐలమ్మది పాలకుర్తే. ఒక్క మండలంలో ఇంతమంది తల వంచనివాళ్లు. అదే మండలం పక్కన మా బాపమ్మ మోకాళ్లు.

ఆ మోకాళ్లకు ఆ పాఠం ఎక్కడ మొదలైంది? నేను అనుకున్నది దొరలు అనాదిగా ఉన్నారని, రాజుల కాలం నుంచీ అదే వరుస అని. తీరా చూస్తే అంత పాతది కాదు. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండ్యాలు అసలు శిస్తు వసూలు చేసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు. 1860ల్లో దివాన్ మొదటి సాలార్‌జంగ్ పద్ధతి మార్చాడు. వసూలు పని సర్కారు తన చేతిలోకి తీసుకుంది. వీళ్లకు వంశపారంపర్యంగా పోయిన హక్కుకు బదులు రుసుం పేరుతో ఏటా డబ్బు ఇచ్చింది. కానీ ఏ పొలం ఎవరిదో, ఏది మంచి నేలో తెలిసినవాళ్లు వీళ్లే. కాగితాలు వీళ్ల చేతిలోనే. సర్వే సెటిల్‌మెంట్ వచ్చేసరికి మంచి భూములు చాలావరకు వీళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. మన భాషలో చెప్పాలంటే, డేటాబేస్ అడ్మిన్ టేబుల్స్ అన్నీ తన పేరున రాసుకున్నాడు. యూజర్లకు చదవడం రాదు కాబట్టి ఎవరూ లాగ్స్ చూడలేదు.

అలా తయారైనవాళ్లలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు మా వైపు ఇప్పటికీ పిల్లలకు కూడా తెలుసు. ఆయన కింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. భూమి ఒక్కటే కాదు, మనుషుల పని కూడా ఆయనదే. దాన్నే వెట్టి అన్నారు. చాకలివాళ్లు గడిలో బట్టలుతకాలి, మంగలివాళ్లు క్షవరం చేయాలి, గొల్లవాళ్లు గొర్రెలివ్వాలి, గౌడవాళ్లు కల్లు దింపి పోయాలి, మాదిగవాళ్లు చెప్పులు కుట్టాలి, కబుర్లు మోయాలి. పైసా ఇవ్వరు. మాది కుమ్మరి ఇల్లు. బాపమ్మ అత్తగారు కాగులు, పటువలు తల మీద పెట్టుకుని గడికి మోసేదట. దారిలో ఒకటి పగిలితే ఇంకోటి తేవాలి. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో. "దొరా, నీ బాంచెన్, కాల్మొక్తా" అన్నది అప్పట్లో ఒక పలకరింపు. మనం 'హాయ్' అన్నట్టు.

ఇక్కడే నా డిబేట్ పాయింట్‌కి మొదటి దెబ్బ. ఇది నిజంగా ప్రకృతే అయితే గూండాలెందుకు? అంత ఎత్తు గోడలెందుకు? కొరడాలెందుకు? చెట్టు మీది కాయ కింద పడడానికి ఎవరూ కొరడా పట్టుకుని నిలబడనక్కర్లేదు కదా. గడి నడిపించడానికి ఎంత మనిషి బలం, ఎంత భయం ఖర్చయిందో లెక్క వేసుకుంటే, అది ఆపేసిన మర్నాడే కూలిపోయే వ్యవస్థ అని తెలుస్తుంది. నిజంగానే కూలింది.

అంతకుముందు ఆంధ్ర మహాసభ అంటే ఎక్కువగా చదువుకున్నవాళ్ల సభ. 1944లో భువనగిరిలో జరిగిన సభలో మెంబర్‌షిప్ ఫీజును రూపాయి నుంచి అణాకు తగ్గించారు. ఇది నాకు చాలా నచ్చిన వివరం. విప్లవాల గురించి పెద్ద పెద్ద మాటలు చెబుతారు గానీ, ఇక్కడ ముందు మారింది ఒక ఎంట్రీ ఫీజు. అణాతో ఊళ్లలోకి సంఘం వచ్చింది. పాలకుర్తిలో ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పండిన పంట మీద విసునూరు దొర కన్ను పడింది. ఆయన మనుషులొస్తే సంఘం వాళ్లు గుత్పలు పట్టుకుని అడ్డం నిలబడి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఒక చాకలి ఇంటి ఆడమనిషి దొరకు ఇవ్వనంది, ఇవ్వలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అది చూశాయి.

1946 జూలై 4న కడవెండిలో సంఘం వాళ్లు ఊరేగింపు తీస్తుంటే గడి వైపు నుంచి కాల్పులు జరిగాయి. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. దాని తర్వాత ఏం జరిగిందో పాఠాల్లో ఉంటుంది కాబట్టి పొడిగించను. నాకు కావలసింది ఆ తర్వాతి ఏడాదిన్నర. 1947, 48ల్లో చాలామంది దొరలు గడులు వదిలి పట్నాలకు పారిపోయారు. సుమారు 3,000 ఊళ్లలో గ్రామ రాజ్య కమిటీలు నడిచాయని, 10 లక్షల ఎకరాలు పంచారని సుందరయ్య లెక్క. అంటే నా డిబేట్ టాపిక్‌కి ఎవరో ఏకంగా 3,000 ఊళ్లలో టెస్ట్ రన్ చేశారు. రూట్ నోడ్ పీకేశారు. ట్రీ ఏమైంది?

ఏమీ కాలేదు. ఆ ఊళ్లలో వెట్టి పోయింది, భూమి పంచుకున్నారు, గొడవలు కమిటీ ముందుకు వచ్చాయి. నేను స్టేజి మీద చెప్పిన అరాచకం రాలేదు. అయితే "పాలకుడే లేని ఊరు" కూడా రాలేదు, ఇది కూడా ఒప్పుకోవాలి. కమిటీలో ఎవరుండాలి, దళం ఏం చేయాలి, పార్టీ ఏం చెప్పింది, ఇవన్నీ పైనుంచి కిందికి వచ్చినవే. యుద్ధం మధ్యలో అది తప్పదేమో. కానీ స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే ఇంకో వరుస కనబడుతుంది. తుపాకీ పట్టిన ఆడవాళ్లు, కొరియర్‌గా అడవుల్లో తిరిగిన ఆడవాళ్లు, 1951లో పోరాటం ఆపాక ఏమయ్యారు? చాలామందిని ఇంటికి పొమ్మన్నారు. దొర పోయాడు గానీ పొయ్యి దగ్గర ఎవరుండాలో చెప్పే గొంతు అలాగే ఉంది. ఆ పుస్తకం మన లైబ్రరీలో లేదు. అన్నలెవరైనా కొనిపించగలిగితే చూడండి.

దొరలు కూడా పూర్తిగా పోలేదు. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత మిలిటరీ వెనకాలే చాలామంది ఊళ్లకు తిరిగొచ్చారు, పంచిన భూముల్లో చాలా తిరిగి లాక్కున్నారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, సీఎస్ కాని వాళ్లు ఓపిక పట్టండి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో రాఫ్ట్ అని ఒక అల్గారిథమ్ ఉంది. 2014లో ఒంగారో, ఔస్టర్‌హౌట్ అనే ఇద్దరు ప్రచురించారు. పది సర్వర్లు ఒకే మాట మీద ఉండాలంటే ఒక లీడర్ ఉంటే పని తేలిక అని అది ఒప్పుకుంటుంది. కానీ ఆ లీడర్ పుట్టుకతో లీడర్ కాదు. ఏ సర్వరైనా కావచ్చు. మెజారిటీ ఓటు రావాలి. అయ్యాక కూడా "నేను బతికే ఉన్నాను" అని అందరికీ కొద్దికొద్దిసేపటికి సిగ్నల్ పంపుతూ ఉండాలి. అది ఆగిందా, వేరే ఎన్నిక. ప్రతి ఎన్నికకూ ఒక టర్మ్ నంబర్. నాకు భలే నచ్చేది ఏంటంటే, పడిపోయిన పాత లీడర్ మళ్లీ లేచి వచ్చినప్పుడు, తనకంటే పెద్ద టర్మ్ నంబర్ కనబడగానే మారు మాట్లాడకుండా ఫాలోయర్ అయిపోతాడు. 1948లో తిరిగొచ్చిన మా వైపు దొరలకు ఆ పెద్ద నంబర్ కనబడలేదు.

నేను డిబేట్‌లో ట్రీ ఎగ్జాంపుల్ చెప్పాను చూడండి, అక్కడ చేసిన మోసం ఇదే. ట్రీ అనేది మనం కోడ్ రాసి కట్టుకున్నది. అడవిలో దొరికింది కాదు. తోడేళ్ల సంగతి కూడా అంతే. అడవిలో చాలా గుంపులు అమ్మానాన్నలు, పిల్లలు ఉన్న కుటుంబాలే, గొడవపడి గెలిచిన నాయకుడేం ఉండడు. చీమల పుట్టలో రాణి ఎవరికీ ఆర్డర్లు వేయదు, గుడ్లు పెడుతుంది. రాణి అని పేరు పెట్టింది మనం. లాబ్‌స్టర్‌ని వదిలేద్దాం.

ఇంటి దగ్గర ఇవన్నీ బాపమ్మకు చెప్పాను, నా వంతు తెలివి చూపిస్తూ. "అంటే ఊరికి పెద్ద ఎవరూ అక్కర్లేదు బాపమ్మా" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "ఏం మాట్లాడుతవ్ రా, పెద్దదిక్కు లేకుంటే ఊరు ఆగమైతది" అంది. దొరల గురించి ఇందాకే తిట్టి తిట్టి పెట్టిన మనిషి! నాకు అర్థం కాలేదు. మరి దొర మంచోడా అన్నాను. అప్పుడు చెప్పింది:

"పెద్దమనిషి వేరు, దొర వేరు. పెద్దమనిషి కాడికి మనమే పోతం. దొర కాడికి మనల్ని పిలుస్తరు."

నేను రెండు నెలలు చదివి చెప్పలేకపోయిన తేడా ఇది. అన్నదమ్ముల పంపకం తెగకపోతే మనమే ఒకరి దగ్గరికి పోతాం. ఆయన మాట సరిగ్గా లేకపోతే ఇంకోసారి పోము. ఆయన పెద్దరికం మన నడక మీద నిలబడి ఉంటుంది. దొరతనం మనం పోకపోయినా నిలబడుతుంది, ఎందుకంటే పోకపోతే సుంకరి వచ్చి పిలుచుకుపోతాడు.

ఈ తేడా పట్టుకుని చుట్టూ చూడడం మొదలుపెట్టాను. మా జిల్లాలోనే ఖిలాషాపూర్ ఉంది. సర్వాయి పాపన్న కోట అక్కడ. కల్లుగీత ఇంట్లో పుట్టినవాడు, తన మనుషుల్లో అన్ని కులాలవాళ్లూ, ముస్లింలూ ఉన్నారు. 1708లో వరంగల్ మీద పడి దోచాడు. 1709 జనవరిలో మొఘల్ చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్‌లో దర్బారు పెడితే పాపన్న 14 లక్షల రూపాయలు కానుక ఇచ్చి గౌరవ వస్త్రం వేయించుకున్నాడు. అప్పుడు పెద్దింటివాళ్లు కొందరు చక్రవర్తి దగ్గర మొర పెట్టుకున్నారు. దోచిన దానికంటే, ఒక కల్లుగీసేవాడికి దర్బారులో వస్త్రమా అన్నదే వాళ్లను ఎక్కువ మండించింది. 1710లో పట్టుకుని చంపేశారు. అదే ప్రకృతి వరుస అయితే పాపన్న అంత ఎత్తు ఎలా ఎక్కాడు? ఇది ఒక వైపు. ఇంకో వైపు, పాపన్న పాటల్లో మనకు హీరో గానీ, వరంగల్‌లో ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా బందీలుగా పట్టుకుపోయాడు. వాళ్లు ఆయన దగ్గరికి నడిచి పోలేదు. గీత ఇంట్లో పుట్టినంత మాత్రాన దొరతనం దొరతనం కాకుండా పోదు. మా ఊళ్లో ఇది చెబితే కొడతారేమో, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మానుకోట, అదే మహబూబాబాద్, దగ్గరి తండా నుంచి మన హాస్టల్లో ఒక ఫ్రెండ్ ఉన్నాడు. వాళ్ల తండాకు నాయక్ ఉంటాడు, ఆయన పక్కన కార్‌బారి. తండ్రి తర్వాత కొడుకు. తీజ్ పండగ మొదలుపెట్టాలన్నా ఆడపిల్లలు నాయక్‌ని అడిగి మొదలుపెడతారు. 2018 పంచాయతీరాజ్ చట్టం 500 జనాభా దాటిన తండాలను, గూడేలను వేరే పంచాయతీలు చేసింది. దాంతో వాళ్లకు నాయకుడు ఇద్దరయ్యారు: పుట్టుకతో వచ్చిన నాయక్, ఓటుతో వచ్చిన సర్పంచ్. గొడవ అవుతుందా అంటే, "పెళ్లికి నాయక్, బిల్లుకి సర్పంచ్" అని నవ్వాడు. నాయక్ ఎప్పుడూ మగవాడే. సర్పంచుల్లో సగం సీట్లు ఆడవాళ్లకు. సంతకం ఆమెది, కుర్చీ ఆయనది అన్న ఊళ్లు కూడా ఉన్నాయని వాడే చెప్పాడు. మళ్లీ పొయ్యి దగ్గరి గొంతు.

నా రూమ్‌మేట్‌ది భూపాలపల్లి, వాళ్ల నాన్న సింగరేణి గనిలో చేస్తాడు. వాణ్ని అడిగితే నా డిబేట్‌కి కొంచెం ప్రాణం పోశాడు. గని లోపల సర్దార్, ఓవర్‌మన్ అని వరుస ఉంటుంది, అది లేకుండా ఒక్క షిఫ్ట్ నడవదు. పైకప్పు బాగుందా, గ్యాస్ ఉందా అని సర్దార్ చూడాలి. ప్రమాదం అనిపిస్తే అందరినీ బయటికి పంపాలి. అక్కడ "మనమందరం సమానం, చర్చిద్దాం" అంటే కప్పు కూలుతుంది. కానీ ఆ పెత్తనం పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే వచ్చింది, ఎవరి ఇంటిపేరుతోనూ రాలేదు. గని లోపలే దాని హద్దు. పైకొచ్చి ల్యాంప్ ఇచ్చేశాక చాయ్ దుకాణంలో సర్దార్ అయినా లైన్లోనే నిలబడతాడు. అందుకని నా డిబేట్‌లో సగం పాయింట్ ఇంకా నాదే అనుకుంటున్నాను: కొన్ని పనులకు ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. చెప్పినవాడు ఇంటికి పోయాక కూడా మనం నిలబడి ఉండాలా అన్నదే గొడవ.

2019 దాకా మేడారం కూడా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ములుగు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం వచ్చిందని సమ్మక్క కథ. ఆ కోయవాళ్లకూ పగిడిద్దరాజు అనే పెద్ద ఉన్నాడు, రాజే లేని జనం కారు వాళ్లు. కట్టమన్నవాడికీ కట్టేవాళ్లకూ మధ్యే ఆ గొడవ. కథలో గెలిచింది కాకతీయులు. రెండేళ్లకోసారి లక్షలమంది బెల్లం ఎత్తుకుని పోయేది మాత్రం ఓడిపోయినవాళ్ల దగ్గరికి. బాపమ్మ లెక్కలో చూస్తే పిలవకుండా పోవడమే అది.

చివరగా మా ఊరి సంగతి. 2024 జనవరి ఆఖరుకి సర్పంచుల పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ఊరికి సర్పంచ్ లేడు, స్పెషల్ ఆఫీసర్ ఉన్నాడు. పాలకుడు లేకపోతే ఎలా ఉంటుందో చూడొచ్చు కదా అని నేను అనుకున్నా. పాలకుడు లేకపోవడం కాదు అది, తిట్టడానికి దొరకని పాలకుడు ఉండడం. బాపమ్మ ఇంటి ముందు వీధి లైటు ఆ రెండేళ్లలోనే పోయింది. ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు.

డిసెంబర్‌లో నాన్న బండి మీద కూర్చోబెట్టుకుని పోయి ఓటు వేయించాడు. మొన్న అమ్మ ఫోన్ చేసింది. కొత్త సర్పంచ్ వాడకట్టులోకి వస్తే బాపమ్మ గడప ముందు మంచం మీద కూర్చుని, లైటు ఎప్పుడు ఏపిస్తవని గట్టిగానే అడిగిందట.

"లేచి నిలబడ్డదా?" అన్నాను.

"ఆయనకెందుకు లేస్తది? మన కుమ్మరి వాడకట్టు పిలగాడే" అంది అమ్మ.

లైటు ఇంకా పడలేదు.